డిష్షు తోమిన రోజు

ఆ ఆదివారం తెల్లవారేసరికి ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. రాత్రంతా అడవి మీద నుంచి వీచిన గాలి ఉన్న దుమ్మంతా ఊడ్చుకుపోయినట్టుంది. సూర్యుడు ఇంకా లేవలేదు గానీ, పైనంతా కడిగి బోర్లించిన స్టీలు గిన్నెలా తళతళలాడుతోంది. వాకిట్లో నీళ్ళు చల్లుతున్న సుశీలమ్మ తలెత్తి చూసి తృప్తిపడింది. ఆ రోజు ఆమెకు కంటి ముందు మురికి అన్నది కనబడకూడదు.

ఎందుకంటే ఆ రోజు బావగారు వస్తున్నారు.

రావడమంటే దూరం నుంచి కాదు, గోడ అవతలి నుంచి. సత్తుపల్లికి ఎడంగా, అడవి మొదలయ్యే చోట ఉంటుంది ఇప్పలపాడు. అక్కడ అన్న చెంచురామయ్యకూ తమ్ముడు వెంకటప్పయ్యకూ మధ్య ఉన్నది ఛాతీ ఎత్తు గోడ ఒక్కటే. మూడేళ్ళ క్రితం తండ్రి సంవత్సరీకం నాడు చెంచురామయ్య తమ్ముడింట్లో భోజనానికి కూర్చుని, నీళ్ళ చెంబు ఎత్తబోయి, దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు.

"ఏందమ్మా సుశీలా, చెంబు మెడ కాడ చిలుము కనపడుతున్నది. తోమి ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

బంతిలో చుట్టాలందరూ ఉన్నారు. పొద్దున్నుంచీ పొయ్యి ముందు ఉడికిపోయిన సుశీలమ్మ, "చిలుము చెంబుకు లేదు బావగారూ, చూసే కళ్ళకున్నది" అంది. చెంచురామయ్య విస్తట్లోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. తన మాటకు సుశీలమ్మ ఆ రాత్రే నాలుక కరుచుకుంది గానీ, కరుచుకున్న సంగతి గోడ అవతలికి ఎలా తెలుస్తుంది? అప్పటినుంచీ ఆ ఇంట్లో ఏ గిన్నెకూ మెరవక తప్పలేదు. ఆయన ఎప్పుడైనా వచ్చి తన చేతి వంట ఒక్క ముద్ద తింటే చాలు, ఆ మాట బరువు దిగిపోతుందని ఆమె ఆశ.

ఇప్పుడు ఆ ఆశకు దారి దొరికింది. చెంచురామయ్య కూతురు నిర్మలాదేవి విజయవాడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. బాగా పాడుతుంది. టీవీలో కాలేజీ పిల్లల పాటల పోటీకి ఎంపికైంది. ఆదివారం పదకొండు గంటలకు వస్తుంది చూడండని చెంచురామయ్య ఊళ్ళో గుమ్మం గుమ్మానికీ వెళ్ళి చెప్పాడు. అందరికీ చెప్పాక తెలిసింది, ఆ ఛానల్ తన ఇంటి యాంటెనాకు అందదని. దానికి డిష్షు కావాలి. ఊరు మొత్తానికి డిష్షు ఒక్కటే. అది తమ్ముడి డాబా మీద ఉంది.

రెండు రోజులు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు ఆయన భార్య ప్రమీలారాణి గోడ మీదుగా కబురు మోసుకొచ్చింది.

"వస్తనన్నడు చెల్లే. కానీ లోపలికి రాడంట. వాకిట్ల కుర్చీ వేస్తే చూసి పోతడంట. మీ ఇంట మంచినీళ్ళు గూడ ముట్టనంటున్నడు."

"రానియ్యి అక్కా. ముట్టేదీ ముట్టనిదీ నేను చూసుకుంటగా" అంది సుశీలమ్మ.

ఆ చూసుకోవడం తెల్లవారుజామునే మొదలైంది. బావగారికి ఇష్టమని మామిడికాయ పప్పు, గుత్తొంకాయ, పులిహోర, గడ్డపెరుగు. వచ్చేది ఊరంతా కాబట్టి చూసేవాళ్ళలో సగం మందికైనా సరిపడా. ఇక మిగిలింది బొమ్మ. టీవీలో బొమ్మ మీద నాలుగు రోజులుగా పదకొండు గంటల వేళ చీమలు పారుతున్నట్టు తెల్లచుక్కలు పారుతున్నాయి. అది సరిచేయించడానికి వెంకటప్పయ్య చీకటితోనే మోపెడ్ తీసి, జానీ మియాను వెంటబెట్టుకు రావడానికి సత్తుపల్లి వెళ్ళాడు. వస్తూ లడ్డూలు కూడా తెమ్మంది సుశీలమ్మ.

జానీ మియా ఒకప్పుడు ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. తర్వాత రేడియోలు బాగుచేశాడు. ఇప్పుడు డిష్షులు బిగిస్తున్నాడు. ఈ డిష్షు బిగించిన రోజు వెంకటప్పయ్యకు అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు: "ఇందుల ఏం లేదు పటేలా. పైనుంచి కిరణాలొస్తయ్, మైక్రోవేవ్ అంటరు. రేకు తగిలితే లోపలికి పోవు, బంతి లెక్క ఎగురుతయ్. ఎగిరి అన్నీ పోయి గా ఎదురుంగ ఉన్న డబ్బాల పడతయ్. అంతా రేకు మహిమ." అప్పుడు టీ తెచ్చి ఇచ్చిన సుశీలమ్మ ఆ ముక్క విని మనసులో దాచుకుంది.

వాకిట్లో ముగ్గు వేసి నడుం ఎత్తిన సుశీలమ్మ కళ్ళు డాబా మీదికి పోయాయి. ఇంట్లో చెంబులు, బిందెలు, ఆఖరికి తలుపు గొళ్ళెం కూడా మెరుస్తున్నాయి. పైన మాత్రం బండి చక్రం కంటే పెద్దదైన ఆ డిష్షు బూడిద రంగులో, దుమ్ముతో, కాకిరెట్టలతో ఊరంతటికీ కనబడేలా నిలబడి ఉంది. బావగారు తన వాకిట్లోకి వచ్చి తలెత్తితే మొదట కనబడేది అదే. పైగా అంతా రేకు మహిమే అయినప్పుడు, రేకు మీద ఇంత మురికి పెట్టుకుంటే కిరణాలు ఎలా ఎగురుతాయి? చీమలు ఎందుకు పారుతున్నాయో ఆమెకు తెలిసిపోయింది. జానీ మియా వచ్చేదాకా ఆగడం ఎందుకు?

పనికి వచ్చిన గంగక్కను నేరుగా డాబా ఎక్కించింది. ఇటుక పొడి, చింతపండు, కొబ్బరి పీచు, ఒక బుట్టెడు ఇసుక పైకి వెళ్ళాయి. ఇద్దరూ చెరో వైపు పట్టారు.

"అమ్మా, ఎంత రుద్దినా ఇడుస్తలేదు. గిది మురికి కాదు, రంగేమో" అంది గంగక్క కాసేపటికి.

"రంగయితే ఇంత వికారంగ ఎందుకుంటది? బూడిద రంగు ఎవరన్న కావాలని వేసుకుంటరా?"

గంగక్క ఆలోచించింది. "అవ్, గదీ నిజమే" అని, మాడిన గిన్నెలు గీకే రేకు ముక్క బొడ్లోంచి తీసింది.

దాంతో పని సాగింది. మురికి పొరలు పొరలుగా లేచి రాలింది. కింద నుంచి అల్యూమినియం బయటపడింది. బయటపడ్డ చోటల్లా సుశీలమ్మ చింతపండు పెట్టి మెరుగు తేలేదాకా రుద్దింది. తాడిచెట్ల మీదికి పొద్దెక్కేసరికి ఆ పళ్ళెం అద్దమైపోయింది. గంగక్క కొప్పు సవరించుకోవడానికి లోపలికి వంగి అదిరిపడింది.

"వామ్మో, నా మొకం గింత పెద్దగున్నదా!" అని వెనక్కి జరిగింది. మరికాస్త వెనక్కి జరిగి కేకపెట్టింది. "అమ్మా, గిప్పుడు తలకిందులైన!"

"శుభ్రమంటే గట్లనే ఉంటది. నువ్వు ఎప్పుడన్న చూసినవా?" అంది సుశీలమ్మ గర్వంగా.

డిష్షుకు ఎదురుగా మూడు ఊచల మీద నిలబెట్టిన డబ్బా మీద కాకి ఒకటి గూడు కడుతోంది. దాన్నీ తీసేద్దామనుకుంది గానీ, లోపల గుడ్లున్నాయేమోనని మనసొప్పక వదిలేసింది. వాళ్ళిద్దరూ మెట్లు దిగుతుంటే ఆ కాకి వచ్చి, మిగిలిపోయిన కొబ్బరి పీచు ముక్కున కరుచుకుని గూట్లో పరుచుకోవడం మొదలుపెట్టింది. ఎవరి ఇంటి పని వారిది.

అదే సమయానికి గోడ అవతల నుంచి "అబ్బా!" అని ఒక కేక వినిపించింది. సుశీలమ్మ పట్టించుకోలేదు. అక్కడ జరిగింది ఆమెకు తర్వాత తెలిసింది.

చెంచురామయ్య వసారా స్తంభానికి అద్దం తగిలించి గడ్డం చేసుకుంటున్నాడు. ఆయన మీసం మామూలు మీసం కాదు. ఊళ్ళో పంచాయితీ జరిగితే ఆయన మాట్లాడకముందే ఆ మీసం సగం తీర్పు చెప్పేసేది. దాని అంచు దిద్దుతుండగా, డాబా మీది పళ్ళెం నుంచి ఒక వెలుగు ముక్క జారి గోడ దాటి, అద్దంలో పడి, ఆయన కళ్ళలో పొడిచింది. కళ్ళు తెరిచి చూసేసరికి కుడివైపు మీసం ఉంది. ఎడమవైపు సబ్బు నురగలో ఉంది. ఉన్న సగంతో ఊరి ముందుకు పోవడమా, మొత్తం లేకుండా పోవడమా అని కాసేపు కుమిలి, ఆయన రెండోది ఎంచుకున్నాడు.

ఇంటికి పోతున్న గంగక్క దడి సందులోంచి అటు చూసి నిలబడిపోయింది. పుట్టిన ఊళ్ళోనే కాపురం చేస్తున్నా, ఆయన తండ్రి పోయినప్పుడు తప్ప ఆ మీసం లేని చెంచురామయ్యను ఆమె ఎన్నడూ చూడలేదు. మీసం తీశాడంటే అయినవాళ్ళెవరో పోయి ఉండాలి. ఎవరు? ప్రమీలారాణి నిక్షేపంగా పొయ్యి ముందు కూర్చుని ఉంది. పిల్ల టీవీలోకి వస్తోంది. ఇక మిగిలింది తమ్ముడు. తమ్ముడు చీకటితోనే మోపెడ్ మీద పోయాడు, ఇంకా రాలేదు. ఆ మోపెడ్‌కు బ్రేకులు లేవని లోకానికంతా తెలుసు.

గంగక్క కొంగు నోట్లో కుక్కుకుని పరుగెత్తింది.

"పెద్దోడు చిన్నోడికి మీసం తీస్తడా? గట్ల పద్ధతి లేదే?" అంది వీధి మొదట్లో ఉండే ముసలమ్మ గులాబ్ బీ.

"మాటల్లేకుండ మూడేండ్లు ఉండె గదా బీబీ. పానం గుంజుతుంటే పద్ధతి యాడ గుర్తుంటది?" అంది గంగక్క.

అది అందరికీ సబబుగానే తోచింది. పాటకు రావలసిన ఊరు పాట సంగతి మరిచి, ముఖాలు వేలాడేసుకుని సుశీలమ్మ ఇంటికి బయలుదేరింది.

సుశీలమ్మ తలలో మల్లెపూలు పెట్టుకుని, పట్టుచీర కట్టుకుని, వాకిట్లో చాపలు పరుస్తోంది. టీవీని కిటికీలో బయటికి తిప్పి పెట్టింది. బొమ్మ తేటగా ఉంది. వచ్చినవాళ్ళు ఆమెను చూసి గుటకలు మింగారు. పాపం, ఇంకా తెలియదు కాబోలు, లేదా తెలిసి మతి చెడింది కాబోలు.

"రండి రండి, ముందు చోటు చూసి కూర్చోండి. ఇంకా టైమున్నది" అంది సుశీలమ్మ.

"శవాన్ని మధ్యాహ్నానికి తెస్తరేమో" అని వెనక ఎవరో గొణిగారు.

ఆమె కాఫీ గ్లాసులు తెచ్చింది. ఒక్కరూ అందుకోలేదు. మంచినీళ్ళు తెచ్చింది. తల అడ్డంగా ఊపారు. చావింట్లో ఎవరు గుటకేస్తారు? కానీ సుశీలమ్మ గుండెలో మరో రాయి పడింది. బావగారు ఊరందరినీ కట్టగట్టి తనవైపు తిప్పుకున్నారన్నమాట. తన ఇంటి నీళ్ళకు ఇంత కట్టుబాటా?

"మరీ గింత పట్టుదలైతే ఎట్ల? ఏదో ఒకనాడు మాట తప్పొచ్చింది, దానికి ఊరంత కక్ష కడతరా?" అంది గ్లాసులు వెనక్కి తీసుకుంటూ.

గులాబ్ బీ ఇక ఆపుకోలేక వచ్చి ఆమెను వాటేసుకుంది. "ఏడ్వు బేటీ, గట్టిగ ఏడ్వు. లోపల పెట్టుకోకు."

"ఏడ్చేదేమున్నది బీబీ, పాటొస్తుంటే?"

గులాబ్ బీ ఆమెను మరింత గట్టిగా పట్టుకుంది.

అప్పుడు వచ్చాడు చెంచురామయ్య. ఇస్త్రీ మడత చెదరని తెల్లపంచె, భుజాన కండువా, ముక్కు కింద బోడి. వెనక ప్రమీలారాణి తల దించుకుని నవ్వు ఆపుకుంటోంది. అది దూరం నుంచి ఏడుపులా కనబడింది. జనమంతా లేచి దారి ఇచ్చారు. ఒకాయన భుజం మీద చెయ్యి వేసి, "గుండె దిటవు చేసుకో అన్నా" అన్నాడు. మీసానికి ఊరు ఇంతగా కలత పడుతుందని చెంచురామయ్య అనుకోలేదు. ఆయన మనసు కాస్త చల్లబడింది.

"పోయిందేదో పోయింది. దానికి గింత బాధపడాల్నా? ఏదో చిన్న పొరపాటు జరిగింది, మరిచిపోండి" అన్నాడు పెద్దమనిషిలా.

జనం నోళ్ళు తెరిచి ఆయన గుండె నిబ్బరాన్ని చూశారు.

గులాబ్ బీ చేతుల్లోంచి విడిపించుకుని సుశీలమ్మ ఎదురువచ్చింది. బోడి మూతి చూసి ఆగిపోయింది. "బావగారూ! ఎవరు? ఎవరికేమైంది?"

ఆమె వెక్కిరిస్తోందనుకుని చెంచురామయ్య ముఖం జేవురించింది. "నీకు తెల్వదా? అంత మీ ఇంటి నుంచే వచ్చింది. డాబా మీద అద్దమాడించి నా మీద—"

మిగతా మాట ఎవరికీ వినబడలేదు. "మీ ఇంటి నుంచే" అన్నది చాలు. గులాబ్ బీ నెత్తి మీద చేతులు పెట్టుకుని, "హాయ్ అప్పయ్యా!" అని శోకం అందుకుంది. ఊరంతా గొంతు కలిపింది. సుశీలమ్మ చుట్టూ చూసింది. తాగని కాఫీలు, వేలాడిన ముఖాలు, బావగారి మూతి. చీకటితో పోయిన మనిషి, బ్రేకులు లేని మోపెడ్. ఆమె కాళ్ళ కింద చాప జారినట్టయింది.

సరిగ్గా అప్పుడే టీవీలో చీమలు పుట్టాయి. ఒకటి, పది, పుట్టలు పుట్టలు. "మన ఇప్పలపాడు…" అని ఏదో అనబోతున్న యాంకర్ అమ్మాయి ఆ చీమల్లో మునిగిపోయింది. చివరికి బుస్సుమంటూ తెల్లతెర మిగిలింది. డాబా మీద కాకి పిచ్చెత్తినట్టు అరుస్తోంది. ఎవరో తలెత్తి చూశారు.

"పొగ!"

ఊచల మీది డబ్బా నెయ్యిలా కరుగుతోంది. దాని మీది గూట్లో కొబ్బరి పీచు భగ్గుమంది. అడవి గాలి ఒక్కసారి విసిరింది. మండుతున్న గూడు గూడంతా లేచి, గోడ దాటి, చెంచురామయ్య వంటపాక మీద తాటాకుల్లో సరిగ్గా కూర్చుంది.

ఆ క్షణానే వీధిలోంచి మోపెడ్ చప్పుడైంది. వెనక జానీ మియా లడ్డూల పెట్టె గుండెకు హత్తుకుని కూర్చోగా, వెంకటప్పయ్య రెండు కాళ్ళూ నేలకు రాసుకుంటూ బండి ఆపాడు. మోపెడ్‌కు నిజంగానే బ్రేకులు లేవు. గులాబ్ బీ అతన్ని చూసి కెవ్వుమని అరిచి గంగక్క వెనక దాక్కుంది. గంగక్క గులాబ్ బీ వెనక దాక్కోబోయింది.

సుశీలమ్మ పరుగున వెళ్ళి మొగుడి చొక్కా పట్టుకుంది. "ఎక్కడ చచ్చినవయ్యా ఇంతసేపు!"

"లడ్డూలు చుట్టాలె గదా" అన్నాడు వెంకటప్పయ్య ఏమీ అర్థంకాక. తర్వాత పొగ చూశాడు. "అన్నయ్యా, పాక!"

బిందెలు లేచాయి. ఏడవడానికి వచ్చిన ఊరు ఎంత త్వరగా కన్నీళ్ళు తుడుచుకుందో, అంత త్వరగా బావి దగ్గర బారు తీరింది. వెంకటప్పయ్య గోడ మీద కూర్చుని ఇటు నుంచి బిందె అందుకుంటున్నాడు, చెంచురామయ్య అటు నిలబడి కుమ్మరిస్తున్నాడు. మూడేళ్ళుగా ఆ గోడ మీదుగా పలుకు పోలేదు. ఇప్పుడు తిట్లు కూడా ధారాళంగా పోతున్నాయి. "జల్దీ తే!" "తెస్తున్నగా!" "ఒలకబోయకు దున్నపోతా!" "నువ్వు సక్కంగ పట్టన్నా!" నిప్పు ఆరేసరికి వంటపాక లేదు. అందులో ఉడుకుతున్న కూర లేదు, అత్తెసరు లేదు. మసి కొట్టుకుపోయిన చెంచురామయ్య మాత్రం ఉన్నాడు.

జానీ మియా ఈలోగా డాబా ఎక్కాడు. మొదట వోల్టేజి అన్నాడు. తర్వాత పిడుగు అన్నాడు. ఆకాశంలో మబ్బు లేదు కదా అంటే, కాకి వైరు కొరికిందన్నాడు. అప్పుడు వెనక్కి తిరిగి డిష్షులో తలకిందులుగా నిలబడ్డ తనను తాను చూసుకున్నాడు.

"నా రంగేది? నేనేసిన రంగేది?"

"మురికా?" అంది సుశీలమ్మ.

"మురికి కాదమ్మా! మెరవొద్దని కావాలని ఏసిన మొద్దు రంగు! రెండు పూతలు ఏసిన!" జానీ మియా నెత్తి కొట్టుకున్నాడు. "మైక్రోవేవ్‌కు రంగు అడ్డం కాదు. రంగులకెళ్ళి పోయి రేకుకు తగిలి ఎగురుతది. రేకు మెరిసినా మెరవకున్నా దానికి ఒకటే. ఎండకే రంగు అడ్డం. ఈ దినాల్ల పదకొండింటికి సూర్యుడు గూడ సరింగ డిష్షు చూసే దిక్కే వస్తడు, మీ చీమలు గూడ గందుకే. మీరేమో రంగు గీకి అద్దం చేసిండ్రు. ఇగ కిరణాలతోని పాటు సూర్యుడు గూడ ఎగిరి డబ్బాల పడ్డడు!"

కింద గుంపులో గంగక్క మెల్లగా, "నేను రంగేమోనన్న" అంది. అని, సుశీలమ్మ చూపు తగిలేసరికి మళ్ళీ అనలేదు.

ఇప్పుడు ఊరికి అంతా విప్పినట్టు అర్థమైంది. గోడ దాటి వచ్చిన చెంచురామయ్యకు కూడా. "నా మీసం పాయె. నా వంటిల్లు పాయె. నా బిడ్డ పాట పాయె. తోముడంటే నా మీద పగ తీర్చుకునుడా?" అని గర్జించాడు. మీసం లేకపోవడంతో గర్జన కాస్త పలచగా వచ్చింది. "నేనిక ఊరుకోను. కేసు పెడత!"

"బావగారూ, మీరొస్తున్నరనే తోమిన. మీ కంటికి శుభ్రంగ కనపడాలనే" అంది సుశీలమ్మ. ఆమె ఏడవకుండా ఉండడానికి చాలా కష్టపడుతోంది. లోపల పులిహోర చల్లారిపోతోంది. ఆయన ఇక ఈ జన్మకు దాన్ని ముట్టడు.

వీధిలో సైకిల్ గంట మోగింది. ఖాకీ బట్టల్లో ఫారెస్టు గార్డు దూలయ్య దిగాడు. అడవి అంచున ఎండాకాలం పొగ లేస్తే అది ఆయన మెడకే చుట్టుకుంటుంది. "ఎవరయ్యా నిప్పు పెట్టింది? పొగ సత్తుపల్లి దాక కనపడ్డది. రేంజరు గారింట్ల కూసొని టీవీ చూస్తున్నోణ్ణి, సగంల లేపి పంపిండు" అని కాగితం, పెన్ను తీశాడు.

"రాసుకో" అన్నాడు చెంచురామయ్య ముందుకు వచ్చి. "పేరు చెంచురామయ్య. నష్టపోయింది నేను."

దూలయ్య పెన్ను ఆగింది. "ఇప్పలపాడు చెంచురామయ్య? నిర్మలాదేవి నాయన మీరేనా? ఇప్పుడే చూసొచ్చిన సార్! యాంకరమ్మ మీ పేరు, ఊరి పేరు చదివింది!"

చెంచురామయ్య ముఖంలోకి ఒక్కసారిగా వెలుగు వచ్చింది. "చూసినవా? పాడిందా? మా వాళ్ళెవరికీ చూసే రాత లేకపాయె. ఎట్ల పాడింది? చెప్పు, అందరికీ వినపడేటట్టు చెప్పు!"

ఊరంతా దగ్గరికి జరిగింది. దూలయ్య జనాన్ని చూశాడు, చెంచురామయ్యను చూశాడు, టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. తర్వాత ఆయన చెవి దగ్గరికి వంగాడు. నీళ్ళ చెంబుతో పక్కనే నిలబడ్డ సుశీలమ్మకు మాత్రం వినబడింది.

"పల్లవి మంచిగనే ఎత్తుకున్నది సార్. మొదటి చరణం గూడ. రెండోది మర్చిపోయి మళ్ళ మొదటిదే పాడింది. మూడోసారి గూడ అదే. నాలుగోసారి తబలా ఆయన వాయించుడు ఆపిండు. పిల్ల ఆపలే. జడ్జీలు నవ్వు దాచుకోను నీళ్ళు తాగుతుంటే, ఒకాయనకు పొలమారింది. రేంజరు గారింట్ల పిల్లలైతే ఇంకా నవ్వుతనే ఉన్నరు."

చెంచురామయ్య కళ్ళు చాపల మీదుగా మెల్లగా తిరిగాయి. గుమ్మం గుమ్మానికీ వెళ్ళి తానే పిలిచిన ఊరు. ఒక్కరూ మిగలకుండా వచ్చిన ఊరు. బుస్సుమంటున్న టీవీ. తర్వాత ఆయన డాబా మీద కరిగి వేలాడుతున్న డబ్బా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏమంటుండు? ఎట్ల పాడిందంట?" అన్నారు జనం.

సుశీలమ్మ బావగారి ముఖం చూసింది. ఆయన కళ్ళు ఆమె కళ్ళలో పడ్డాయి. మూడేళ్ళలో అదే మొదటిసారి.

"బంగారంలా పాడిందంట!" అంది ఊరంతా వినేలా. "జడ్జీల కళ్ళల్ల నీళ్ళు తిరిగినయంట!"

చాపల మీద చప్పట్లు మోగాయి. ప్రమీలారాణి కళ్ళు ఒత్తుకుంది. దూలయ్య ఆశ్చర్యంగా, "నేనా? నేనేమన్నంటే—" అని నోరు తెరిచాడు.

చెంచురామయ్య అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు పొద్దున్నుంచి ఏమన్న తిన్నవా దూలయ్యా?"

"లేదు సార్, కేసు రాసుకొని—"

"కేసేంది నాయనా, నా పాక, నా పొయ్యి, నా నిప్పు. మా ఇంటి సంగతి. పా, అన్నం తిందువు." ఆగాడు. తన వంటపాక ఉన్న చోట పొగ ఇంకా లేస్తోంది. ఊళ్ళో ఇంత వంట సిద్ధంగా ఉన్న ఇల్లు ఒక్కటే. "సుశీలా, విస్తళ్ళు వెయ్యమ్మా" అన్నాడు. అని, దూలయ్యను పట్టిన పట్టు వదలకుండా, తమ్ముడి గడప తానే ముందు దాటాడు.

చావుకు వచ్చినవాళ్ళూ, పాటకు వచ్చినవాళ్ళూ, నిప్పు ఆర్పినవాళ్ళూ ఒకే బంతిలో కూర్చున్నారు. జానీ మియా లడ్డూల పెట్టె విప్పాడు. అన్న పక్కన తమ్ముడు కూర్చున్నాడు. ఇద్దరి చేతులూ ఎంత కడిగినా మసి వదల్లేదు. దూలయ్యకు చోటు అన్నకు అవతలి పక్క దొరికింది. సుశీలమ్మ మామిడికాయ పప్పు వడ్డించి, నెయ్యి వేసి, ఊపిరి బిగబట్టి నిలబడింది. చెంచురామయ్య ముద్ద కలిపాడు, నోట్లో పెట్టుకున్నాడు, నమిలాడు, మింగాడు. ఆమె వైపు చూడకుండానే విస్తట్లో పప్పు ఉన్న చోటు వేలితో చూపించాడు, మరికాస్త అని.

దూలయ్య మధ్య మధ్య తల ఎత్తి ఏదో చెప్పబోయేవాడు. నోరు తెరిచిన ప్రతిసారీ ఒక పక్క నుంచి సుశీలమ్మ గరిటె, మరో పక్క నుంచి చెంచురామయ్య చేతి లడ్డూ అడ్డుపడేవి. అడవి అంచున ఎన్నో ఎండాకాలాలు నిప్పు కాచిన గార్డు ఆ పూట తిన్నంత తిండి అంతకుముందు ఎన్నడూ తినలేదు.